వలపటెద్దుల ఊరు

మద్రాసులో పశువైద్యం చదివేటప్పుడు మా అధ్యాపకుడు ఒకసారి ముసర రోగంతో చచ్చిన ఎద్దు రక్తాన్ని నీళ్లలో కలిపి, కొవ్వొత్తి ఆకారంలో ఉండే పింగాణీ గొట్టం గుండా వడకట్టి చూపించారు. అప్పటికి తెలిసిన ఏ సూక్ష్మజీవీ ఆ గొట్టం దాటదు. కిందికి దిగిన నీరు తేటగా ఉంది. సూక్ష్మదర్శినిలో చూస్తే అందులో ఏమీ లేదు. ఆ నీటిని ఒక దూడకు సూదితో ఎక్కిస్తే కొద్ది రోజుల్లో అది నోరంతా పుళ్లుపడి, విరేచనాలతో చచ్చిపోయింది. అందులో ఏముందని మాలో ఒకడు అడిగాడు. "ఏదో ఉంది" అన్నారు ఆయన. ఆ రోజు డైరీలో నేనూ అంతే రాసుకున్నాను. మా ఊళ్లో దేవుడి గురించి అంతకంటే ఎక్కువ తెలిసినవాళ్లు ఎవరూ లేరు, కనుక ఆ జవాబు నాకు లోటుగా తోచలేదు.

ఆ కనిపించని దానికి వైరస్ అని పేరు పెట్టారు. ఆ పేరుకు విషమని అర్థం. నేను ఉద్యోగ జీవితమంతా దాని మీదే బతికాను. అది లేకపోతే నాకు జీతం లేదు. ఈ సంగతిని ఏ పై అధికారి ముందూ ఒప్పుకోలేదు గానీ, ఇప్పుడు ఒప్పుకుంటే పింఛను ఆపరు.

మొదట నన్ను విరుదునగరంలో వేశారు. ఊరి పేరు మారి ఎంతో కాలం కాలేదు, జనం ఇంకా విరుదుపట్టి అనే అనేవారు. పత్తి బళ్లూ, మిరపకాయల బళ్లూ చుట్టుపక్కల కరిసల్ అనే నల్లరేగడి నేలలన్నిటి నుంచీ అక్కడికే వచ్చేవి. బళ్లతో పాటు ఎద్దులూ, ఎద్దులతో పాటు రోగమూ. ముసర రోగాన్నే మా వైపు వెక్కై అంటారు. సంతలో ఒక ఎద్దు కళ్లలో నీళ్లు కారుస్తూ నిలబడిందంటే, నెల తిరిగేలోపు కారియాపట్టి దాకా, తిరుచ్చులి దాకా కొట్టాలు ఖాళీ అయ్యేవి.

అప్పట్లో మా చేతిలో ఉన్నది సీరం ఒక్కటే. రోగం వచ్చి కోలుకున్న పశువు రక్తంలోంచి తీసే నీరు అది. దాన్ని ఎక్కిస్తే ఇంకో పశువుకు కొద్ది రోజులు కాపుదల ఉండేది. ఒకరు చేసిన తపస్సుకు ఇంకొకరికి వరం వచ్చినట్టు. ఆ కొద్ది రోజులూ రోగం పక్క ఊళ్లో ఆగి, సీరం బలం తగ్గగానే వచ్చేది. ఎద్దు చచ్చిన రైతు నన్ను తిట్టేవాడు కాదు. "సర్కారు ఊసి మంచిదిదా సామీ, నోయికిదా తొందర లేదు" అనేవాడు. ఊసి అంటే సూది, నోయి అంటే రోగం, మాట చివరి 'దా' మన 'నే' లాంటిది.

తరువాత నన్ను కోవిల్‌పట్టికి మార్చారు. అక్కడికి కొన్ని మైళ్ల దూరంలోనే మా అక్కను ఇచ్చిన ఊరు. మాలాగే ఎప్పుడో తెలుగు దేశం నుంచి దిగివచ్చిన రైతులు ఆ ఊరినిండా. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా బావ ఆ ఊరికి పెద్ద. వానను నమ్ముకున్న మెట్ట సేద్యం, ఒక జత ఎద్దులు, ఆ ఎద్దుల మీద ఊళ్లో పరువు. ఆశ్వయుజ కార్తీకాల్లో వచ్చే ఐప్పసి నెలలో వాన పడి నేల పదునెక్కాక పత్తి విత్తడానికి దొరికేది కొద్ది రోజులే. ఆ రోజుల్లో కొట్టంలో జత లేని ఇంటికి ఆ ఏడాది పంట లేదు. ఎద్దుల సంగతి మా బావ మాట్లాడితే నిజానికి అన్నం సంగతి మాట్లాడుతున్నాడని అర్థం.

ఒక ఏడాది, ఐప్పసికి ముందు వచ్చే పురట్టాసి నెలలో వెక్కై మళ్లీ విరుదునగరం సంతలో దిగింది. ఆ సంవత్సరమే మాకు కొత్త పద్ధతి వచ్చింది. ఎద్దులోని వైరస్‌ను మేకకు ఎక్కిస్తారు. ఆ మేక నుంచి ఇంకో మేకకు, దాని నుంచి మరో మేకకు. అలా వందల మేకలు దాటేసరికి అది మేక ఒంటికి అలవాటుపడి, ఎద్దును చంపే సంగతి మరిచిపోతుంది. తిరిగి ఎద్దుకు ఎక్కిస్తే నాలుగు రోజులు జ్వరం తెప్పించి ఊరుకుంటుంది. ఆ జ్వరం దాటిన ఎద్దుకు ఇక జీవితాంతం వెక్కై భయం లేదు. పరాయి ఇంట్లో తరాల తరబడి కాపురం చేస్తే మొరటువాడైనా మెత్తబడతాడని ఎవరూ శాస్త్రం రాయకముందే మాకు తెలుసు. మేము తమిళ దేశంలో ఉన్నది అలాగే గదా.

రోగం ఎక్కించిన మేక ఒకటి రైలులో గార్డు పెట్టెలో కోవిల్‌పట్టికి వచ్చింది. దాన్ని జట్కాలో ఎక్కించి, వెనక నేను సైకిలు తొక్కుతూ మా బావ ఊరికి తీసుకుపోయాను. జ్వరం బాగా ఎక్కిన రోజున దాని మెడ నుంచి రక్తం తీసి, గడ్డకట్టకుండా ఒక ఉప్పు కలిపి, ఊరి ఎద్దులన్నిటికీ సూది వేయాలని నా లెక్క.

ఊళ్లో నాకు జరిగిన స్వాగతం అంతకు ముందు ఎప్పుడూ జరగలేదు. పసుపునీళ్లతో ఎదురొచ్చారు. మేక మెడలో వేపరొట్ట కట్టారు. ఉడుక్కు అనే చిన్న డమరుకం మోగించి శకునం చెప్పే ముసలాయన ఒకడు ఉండేవాడు, ఊరంతా ఆయన్ను తాత అనే పిలిచేది. ఆయన మేకకు దండం పెట్టి, నా భుజం తట్టాడు.

"ఇన్నాళ్లకు సర్కారుకు బుద్ది వొచ్చినాది అప్పా" అన్నాడు.

సంగతి ఏమిటంటే, వెక్కై వచ్చినప్పుడు ఆ ఊళ్లో చేసేది కూడా మేకతోనే. ఒక మేకను కొని, కొట్టం కొట్టానికీ తిప్పి, ప్రతి పశువు మూతికీ దాని ఒళ్లు రాసి, రోగమంతా దాని మీదికి దిగిందని అనుకున్నాక ఎల్ల దాటించి పక్క ఊరి మీదికి తోలేస్తారు. నేను తెచ్చింది ఆ మేకేనని వాళ్లు అనుకున్నారు. ఆలోచిస్తే వాళ్ల తప్పు కొంచెమే. ఎద్దు రోగాన్ని మేకకు పట్టించడమనే మొదటి సగం మా పండితుల కంటే ఎన్నో తరాల ముందే ఆ ఊరివాళ్లు చేస్తూ వచ్చారు. మా పండితులు ఎక్కడ పని మొదలుపెట్టారో సరిగ్గా అక్కడ వీళ్లు మేకను తరిమేసేవారు.

మేకను తోలడానికి కాదు, దాని రక్తం ఎద్దులకు ఎక్కించడానికి తెచ్చానని చెప్పాను. ఉడుక్కు ఆగిపోయింది.

"నోయి ఉండే రక్తమా?" అన్నాడు తాత.

"అవును. అయినా అది ఇప్పుడు చంపదు."

"చంపదని దానికి చెప్పినావా?"

అందరూ నవ్వారు. మా అక్క తలుపు చాటు నుంచి అందుకుంది. "మా ఊరి మేక నోయిని మోసుకొని పోతాది. నీ సర్కారు మేక నోయిని మోసుకొని వొస్తాది. ఇదేమి చదువు తమ్ముడా? పొయ్యేదాన్ని పిలిచి కూర్చోబెట్టేదానికా నిన్ను మద్రాసుకు పంపించింది?"

ఆ సాయంత్రమంతా తిన్నె మీద వాదన సాగింది. నేను పింగాణీ గొట్టం గురించి చెప్పాను. కనిపించనిది ఉందంటే తాత సులభంగా ఒప్పుకున్నాడు, ఆయన వృత్తే అది. అది మేక ఒంట్లో మారిపోతుందంటే మాత్రం ఒప్పుకోలేదు. "నోయి ఎవురింటికి పొయినా నోయిదా" అన్నాడు. మా బావ ఇద్దరి మాటా విన్నాడు. ఊరంతా ఆయన వైపు చూస్తోంది. ఆయన ఎద్దులకు ఏమి చేస్తే అందరూ అదే చేస్తారు, ఆయన ఎద్దులకు ఏమైనా అయితే అందరూ ఆయన్నే అంటారు.

"తాత చెప్పేదీ నిజముగా ఉండాది. ఇతను చెప్పేదీ నిజముగా ఉండాది" అన్నాడు బావ. "ఒక పని చేస్తాము. వలపటోడికి ఊసి. దాపటోడికి మేక."

తెలియని వాళ్ల కోసం చెబుతాను. కాడికి కుడివైపు కట్టేది వలపటి ఎద్దు, ఎడమవైపు కట్టేది దాపటి ఎద్దు. దూడగా కాడి అలవాటు చేసిన రోజునే దాని పక్క ఖాయమవుతుంది, చచ్చేదాకా మారదు. బావ తీర్పుకు అర్థం: కుడి ఎద్దుకు నా సూది వేయించి, ఎడమ ఎద్దును తాత చేసే మేక సాంగ్యానికి వదిలిపెట్టడం. ఏది తప్పినా ఒక ఎద్దు మిగులుతుంది.

"ఒక కంటికి వెన్న, ఒక కంటికి సున్నమా?" అంది అక్క.

"ఏది వెన్నో ఎవురికి తెలుసు? అందుకేదా" అన్నాడు బావ.

నేను చాలా చెప్పి చూశాను. రెండింటికీ వేయించుకోమన్నాను, బలవంతం చేసే అధికారం నాకు లేదు. సగం వేయడమా, అసలు మానడమా అన్నదే మిగిలింది. మేక జ్వరం నా కోసం ఆగదు. సగానికి ఒప్పుకున్నాను. పెద్దాయన అలా చేశాడు కాబట్టి ఊరు ఊరంతా అలాగే చేసింది. ప్రతి ఇంటి నుంచీ వలపటి ఎద్దు ఒక్కటే నా దగ్గరికి వచ్చింది. ఆ పని అయ్యాక, రక్తం తీయించుకుని నీరసంగా ఉన్న నా మేకను తాత ప్రతి దాపటి ఎద్దు మూతికీ రాయించి, ఉడుక్కు మోగిస్తూ ఎల్ల దాటించాడు. ప్రభుత్వ సొత్తు అలా పక్క ఊరి పాలైందని నివేదికలో రాయలేదు. చచ్చిందని రాశాను. ఎప్పుడో ఒకప్పుడు చచ్చే ఉంటుంది.

అనుకున్నట్టే కొన్ని రోజులకు వలపటి ఎద్దులకు జ్వరం వచ్చింది. మేత ముట్టలేదు, చెవులు వాలేశాయి. పక్కనే దాపటి ఎద్దులు చొప్ప నములుతూ హాయిగా ఉన్నాయి. ఆ రోజుల్లో నేను ఆ ఊరి వీధిలో సైకిలు మీద పోతే పలకరింపులు మర్యాదగా ఉండేవి, అంతకంటే అవమానం లేదు. "డాక్టరుకు వలపటి పక్కంటే అంత కోపమేంటికో" అన్నది ఒక ముసలామె నా వెనక. మా అక్క నాకు అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు. బావ వలపటి ఎద్దు పక్కన కూచుని, దాని గంగడోలు నిమురుతూ, నన్ను చూడకుండా అడిగాడు. "లేస్తాదా?"

"లేస్తుంది."

"లేవకపోతే నేను ఊళ్లో తల ఎత్తేదానికి లేదు అప్పా. సుమ్మ, ఊరికే చెప్తా ఉండాను."

లేచింది. నాలుగు రోజుల జ్వరం దిగాక ఊళ్లో వలపటి ఎద్దులన్నీ గంజి తాగాయి, చొప్ప తిన్నాయి. ఊరు దీన్ని నా గెలుపుగా లెక్కించలేదు. ఊరికే ఉన్న ఎద్దులకు జ్వరం తెప్పించి, మళ్లీ తగ్గించినవాడిగా లెక్కించింది.

అంతలో పక్క ఊరివాళ్లు మర్యాదకు మర్యాద తీర్చుకున్నారు. వాళ్ల ఊళ్లో అప్పటికే వెక్కై ఉంది. వాళ్లూ ఒక మేకను కొని, చొంగ కారుస్తున్న పశువుల మూతులన్నిటికీ రాసి, మా బావ ఊరి మీదికి తోలారు. ఆ మేక ఎవరి కంటా పడకుండా వచ్చి కొట్టాల మధ్య తిరిగిందని తరువాత తెలిసింది. రోగం దానితోనే వచ్చిందని నేను రుజువు చేయలేను. వారం పది రోజులకు దాపటి ఎద్దుల కళ్లలో నీళ్లు మొదలయ్యాయి.

తరువాతి రోజులను వివరించను. సీరం కోసం తంతి కొట్టాను, వచ్చేసరికి ఆలస్యమైంది. నా మేక రక్తం మిగల్లేదు, మిగిలినా రోగం పట్టిన పశువుకు అది పనికిరాదు. దాపటి ఎద్దులన్నీ పోయాయి. బావ దాపటి ఎద్దు పోతున్నప్పుడు వలపటిది అదే గాటిపాట కట్టేసి ఉంది. ఒకే తొట్టిలో నీళ్లు తాగింది, చచ్చేదాని చొంగ మీద పడినా నెమరు వేస్తూ నిలబడింది. సైన్సు ఇంత స్పష్టంగా నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు. చూడాలనీ అనిపించలేదు. అక్క చచ్చిన ఎద్దు నొసట పసుపు పెట్టి, నాతో మాట్లాడింది. "నువ్వు చెప్పినప్పుడే రెండిటికీ ఏయించి ఉండాల్సింది. నీ ఊసిని నేనే సున్నమంటిని."

నా నివేదిక చూసి పై అధికారి ఎంతో సంతోషించారు. ఒకే ఊళ్లో, ఒకే కొట్టంలో, ఒకే మేత తినే పశువుల్లో సగానికి మందు వేసి సగానికి వేయకుండా పోల్చి చూసిన తెలివికి నన్ను మెచ్చుకున్నారు. అంత చక్కటి ప్రయోగం పరిశోధనశాలలో కూడా కుదరదన్నారు. దాన్ని రూపొందించినవాడు మా బావ అని నేను చెప్పలేదు. చెప్పినా ఆయన దాన్ని ప్రయోగమని అనుకోలేదు, జాగ్రత్త అనుకున్నాడు.

ఆ పుణ్యాన నేను పట్టుదలగా చదవడం మొదలుపెట్టాను. ఈ వయసులో కూడా కళ్లు సహకరించినంత చదువుతున్నాను. వైరస్ ఎలా పుట్టిందన్న దానికి పండితులు మూడు కథలు చెబుతారు. జీవకణంలో ఒక ముక్క ఇల్లు విడిచి పారిపోయి దేశదిమ్మరి అయిందని ఒకటి. ఒకప్పుడు సొంత ఆస్తీ వంటిల్లూ ఉన్న ప్రాణే, ఇతరుల ఇళ్లలో పడి తిని తిని అన్నీ పోగొట్టుకుని ఇలా మిగిలిందని రెండోది. కణాలనేవి లేనప్పుడే, అందరి కంటే ముందే అది ఉందని మూడోది. చదివి నవ్వుకున్నాను. మేము ఈ కరిసల్ నేలకు ఎలా వచ్చామన్న దానికీ మా ఊళ్లో ఈ మూడే చెబుతారు. ఎవరో రాజుకు పిల్లనివ్వనని పారిపోయి వచ్చామని కొందరు, సైన్యంతో దర్జాగా వచ్చి ఇక్కడ కత్తులు అమ్ముకుని నాగళ్లు పట్టామని కొందరు, అసలు మా తరువాతే అందరూ వచ్చారని తాత. మూడూ కొంచెం కొంచెం నిజం కావచ్చని పండితులంటున్నారు. తాతతో ఆ మాట అని ఉంటే ఉడుక్కుతో కొట్టేవాడు.

ఇంకొక సంగతి. పిల్లలకు వచ్చే తట్టు ఈ వెక్కైకి దగ్గర చుట్టమట. మనిషి పశువులను ఇంట్లో కట్టేసుకున్న కాలంలో ఎప్పుడో వాటి రోగం మన మీదికి దూకి, మన ఒంట్లో కాపురానికి అలవాటు పడి వేరే రోగమైందట. అంటే పశువుల నుంచి పాలూ సేద్యమూ తీసుకున్న రోజునే దీన్నీ తీసుకున్నాం. అన్ని వైరస్‌లూ చంపేవే కావు, కొన్ని ఒక జీవి గుణాన్ని ఇంకో జీవికి మోస్తాయనీ, మన బీజంలోనే వాటి తునకలు ఎప్పటినుంచో ఇమిడి ఉన్నాయనీ ఇప్పుడు రాస్తున్నారు. జీవితమంతా వాటిని నిర్మూలించడానికి జీతం తీసుకున్న నాకు, అందులో కొంత భాగం నన్ను నేనే నిర్మూలించుకునే ప్రయత్నమని పింఛను పుచ్చుకునే వయసులో తెలిసింది.

అయితే ఆ ఏడాది ఐప్పసిలో ఎవరికీ ఈ కథలు అక్కరలేదు. వాన పడింది. నేల పదునుకు వచ్చింది. ఊళ్లో ప్రతి ఇంట్లో ఒక ఎద్దు ఉంది, ప్రతి ఎద్దూ వలపటిదే. రెండిళ్ల వాళ్లు కలిస్తే జత అవుతుంది, కానీ ఆ రెండింటిలో ఒకటి దాపటికి పోవాలి. కుడి పక్క నేర్చిన ఎద్దు ఎడమ పక్క కాడి కింద మెడ పెట్టదు, పెట్టినా గిరగిరా తిరుగుతుంది. అంతకంటే పెద్ద చిక్కు, దాని యజమాని మెడ అసలే తిరగదు. మా వాళ్లలో వలపటి పక్కంటే పెద్దరికం. దాపటిది దాన్ని చూసి నడిచేది. "మా ఎద్దు ఏంటికి దాపటికి పోవాల? వాళ్లదాన్ని పొమ్మను" అని ప్రతి గుమ్మంలోనూ అదే మాట. పైన ఎండ కాస్తోంది. నల్లనేల పైపొర ఆరుతోంది. నేను పోయినప్పుడు జనం తిన్నెల మీద కూచుని, ఒకరి ఎద్దు గుణగణాలు ఒకరు చెప్పుకుంటున్నారు.

మా బావా, ఆయన ఎదుటింటి దాయాదీ పొలం గట్టు తగాదాతో ఎన్నో ఏళ్లుగా మాట్లాడుకోని మనుషులు. ఆ ఉదయం బావ తన ఎద్దును విప్పి, పలుపు పట్టుకుని, వీధి దాటి నేరుగా ఆ ఇంటి ముందు నిలబెట్టాడు. తిన్నెల మీది జనం లేచి వచ్చారు.

"నీది వలపట కట్టు. నాది దాపట కడతాను" అన్నాడు.

దాయాది కాసేపు ఎద్దును చూశాడు, కాసేపు బావను చూశాడు. "నిజముగాదానా?"

"నేల ఆరతా ఉండాది. నిజమా అబద్దమా అని తరవాత చూస్తాము."

నేను కూడా వెళ్లాను. కాడి మెడ మీద పడగానే బావ ఎద్దు, జత తన ఎడమ పక్కే ఉంటుందన్న అలవాటుతో అటు తిరగబోయి దాయాది ఎద్దును ఈడ్చింది. నాగలి పక్కకు పడింది. రెండో చాలుకూ అంతే. గట్టు మీద చేరినవాళ్లలో ఎవరో అన్నారు. "ఎద్దుకు తెలిసింది, పెద్దాయనకు తెలియలేదు." బావ మేడిని దాయాది చేతికి ఇచ్చేసి, తాను ఎద్దుకు ఎడమ పక్కన చేరి, భుజం దాని డొక్కకు ఆనించి నడవడం మొదలుపెట్టాడు. అది అటు తిరగబోయినప్పుడల్లా ఆయన ఒళ్లు అడ్డం. ముక్కుతాడు లాగలేదు, కొట్టలేదు. దానితో ఏదో మాట్లాడుతున్నాడు, నాకు వినబడలేదు. తలపాగా జారి మెడలో పడింది. మధ్యాహ్నానికి ఆయన కుడి భుజం తోలు లేచి ఎర్రబడింది.

చాళ్లు వంకర టింకరగా సాగాయి. అక్క పత్తి గింజల గంప నడుముకు ఆనించుకుని వెనకే వస్తోంది. దాయాది భార్య కూడా గంపతో వచ్చింది. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు, ఇద్దరూ ఒకే చాలులో గింజలు వేస్తున్నారు. కొంత దూరం పోయాక అక్క మా వైపు తిరగకుండా, ఎవరితోనో అన్నట్టుగా అంది. "ఇంత వంకర చాలు మా మామగారి కాలములో కూడా చూసింది లేదు."

"మా ఎద్దు సరిగానేదా పోతా ఉండాది" అంది దాయాది భార్య.

పొద్దు వాలే వేళకు గట్టు మీది జనం పలచబడ్డారు. ఊళ్లోంచి ఇంకో ఎద్దును ఎవరో తోలుకొస్తున్నారు. ఏ పక్క కట్టాలన్నది దారిలోనే వాదించుకుంటూ వస్తున్నారు.